పిల్లల చేతికి ఏం అప్పగిస్తున్నాం? యువజన క్లబ్బులపై ఒక సమీక్ష

స్కేలు పక్కన ఒక వస్తువు పెట్టి, పొడవెంతో చెప్పమన్నారు. వస్తువు అంచు సున్నా దగ్గర ఉన్నప్పుడు 14 నుంచి 18 ఏళ్ళ పిల్లల్లో దాదాపు 85 శాతం మంది సరిగ్గా చెప్పారు. దాన్నే కాస్త జరిపి వేరే అంకె దగ్గర మొదలయ్యేలా పెట్టేసరికి సరిగ్గా చెప్పినవాళ్ళు 39 శాతమే మిగిలారు. 2023లో పిల్లల చదువులను సర్వే చేసే 'అసర్' బృందం 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల పల్లెల్లో 34,745 మందిని కలిసి తేల్చిన లెక్క ఇది. వీళ్ళేమీ చదువు మొహం చూడనివాళ్ళు కారు. 86.8 శాతం మందికి ఏదో ఒక బడిలోనో కాలేజీలోనో పేరుంది. వృత్తి శిక్షణ లాంటిది పొందుతున్నవాళ్ళు మాత్రం 5.6 శాతం. ఆ స్కేలు దగ్గర చాలామంది తడబడింది తీసివేత రాక కాదనీ, ఒక్కసారైనా చెక్కనో గుడ్డనో కొలిచి కోసిన అనుభవం లేకనేననీ నా నమ్మకం. కొలత తప్పితే గుడ్డ పాడవుతుందని తెలిసిన పిల్ల స్కేలు ఎక్కడ మొదలైందో ముందు చూస్తుంది.

ఈ వెలితిని తీరుస్తామని చెప్పేవాటిలో యువజన క్లబ్బు చాలా పాతది. స్కౌట్లు, ఎన్‌సీసీ, ఎన్ఎస్ఎస్, నెహ్రూ యువ కేంద్రాలు, సైన్సు క్లబ్బులు, ఊరి యువజన సంఘం, అమెరికా పల్లెల్లో పుట్టిన ఫోర్-హెచ్. పేర్లు ఎన్నున్నా అందరూ ఇచ్చే మాట ఒకటే: చేస్తూ నేర్చుకుంటారు, నేర్చుకుంటూ మనుషులుగా ఎదుగుతారు. ఈ మాట ఎక్కడ నిలబడింది, ఎక్కడ బోర్డు మీదే ఉండిపోయింది? నూట ఇరవై ఏళ్ళ అనుభవాన్నీ, ఈమధ్య కాలపు పరిశోధననూ దగ్గర పెట్టుకుని చూస్తే నాకు ఒక్క సంగతి మాత్రం గట్టిగా కనిపిస్తోంది. సరిగ్గా చూసుకోకపోతే నిజంగానే చెడిపోయే పనిని పిల్లల చేతిలో పెట్టిన చోట క్లబ్బు ఫలించింది. పెట్టని చోట కాలక్షేపమైంది. అక్కడక్కడ చెరుపు కూడా చేసింది.

ముందుగా ఫోర్-హెచ్ సంగతి. అన్నిటికన్నా ఎక్కువ కాలం నడిచిందీ, ఎక్కువ పరిశీలనకు నిలిచిందీ అదే. 1902 జనవరి 15న ఓహయో రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో, కోర్టు భవనం కింది గదిలో, ఏ.బి. గ్రాహమ్ అనే బడుల సూపరింటెండెంటు సుమారు 30 మంది రైతుబిడ్డల్ని కూర్చోబెట్టాడు. ఆడపిల్లలూ మగపిల్లలూ కలిసే వచ్చారు. బడి పుస్తకాలకూ ఇంటి దగ్గరి పొలానికీ ఏ సంబంధమూ లేదన్నది ఆయన బెంగ. పిల్లలు తమ చేలో మట్టి తీసి లిట్మస్ కాగితంతో పరీక్షించారు. మంచి మొక్కజొన్న విత్తనాన్ని ఏరడం నేర్చుకున్నారు. కూరగాయల మళ్ళు, పూల మళ్ళు వేశారు. మూడేళ్ళు తిరక్కుండానే ఇలాంటి క్లబ్బులు పక్క కౌంటీలకూ పాకాయి.

అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఇది మరో దారిలో ఎదిగింది. విశ్వవిద్యాలయాల శాస్త్రవేత్తలు కొత్త పద్ధతులు చెబితే రైతులు వినలేదు. తరతరాల సేద్యాన్ని కాగితం పట్టుకొచ్చినవాడు మార్చమంటే ఎవరు మారుస్తారు? అందుకని కొడుకులకు తలా ఒక ఎకరం ఇమ్మన్నారు. మిసిసిపీలోని హోమ్స్ కౌంటీలో 1907లో మొక్కజొన్న క్లబ్బులు అలాగే మొదలయ్యాయి. 1910లో దక్షిణ కరొలైనా కుర్రాడు జెర్రీ మూర్ ఒక్క ఎకరంలో 228 బుషెళ్ళకు పైగా పండించాడు. ఆ చుట్టుపక్కల రైతులు అప్పట్లో ఎకరాకు 20 బుషెళ్ళు చూడటమే కష్టం. అదే ఏడు అదే రాష్ట్రంలో మేరీ క్రోమర్ అనే పంతులమ్మ ఆడపిల్లల చేత పదో వంతు ఎకరంలో టమాటా వేయించి, పండినదాన్ని డబ్బాల్లో నిల్వచేసి అమ్మడం నేర్పింది. ఆ డబ్బు ఆ పిల్లలదే. సొంత డబ్బు చేతిలో ఆడటం వాళ్ళలో చాలామందికి అదే మొదటిసారి అయ్యుంటుంది. కొడుకు చేను చూసి తండ్రి పద్ధతి మార్చుకోవడం, కూతురి డబ్బాలు చూసి తల్లి వంటింటి తీరు మార్చుకోవడం ఈ ఉద్యమం అసలు బలం.

1914లో స్మిత్-లీవర్ చట్టం వచ్చి ఈ పనిని వ్యవసాయ విశ్వవిద్యాలయాల విస్తరణ విభాగాలకు అప్పగించింది. ప్రతి కౌంటీలో జీతం ఇచ్చి పెట్టిన ఒక విస్తరణాధికారి, ఆయన వెనక ఒక విశ్వవిద్యాలయం, ముందు ఊళ్ళో ఉచితంగా పనిచేసే పెద్దలు. క్లబ్బు ఇన్నేళ్ళు బతికి ఉండటానికి ఈ అమరికే కారణం. బుద్ధి, హృదయం, చేతులు, ఆరోగ్యం అనే నాలుగింటికీ ఇంగ్లీషులో మొదటి అక్షరం హెచ్ కనుక ఆ పేరు వచ్చింది. నాలుగు రేకుల క్లోవర్ ఆకు దాని గుర్తు. ఇవాళ తమ దగ్గర దాదాపు 60 లక్షల మంది పిల్లలున్నారని వాళ్ళు చెబుతారు. పశువులు, పంటలే కాక రోబోలు, రాకెట్లు, ఫొటోగ్రఫీ, కుట్టుపని, సభలో మాట్లాడటం కూడా ఇప్పుడు ప్రాజెక్టులే.

ఒక దూడ ప్రాజెక్టును దగ్గరగా చూద్దాం. పన్నెండు పదమూడేళ్ళ పిల్లో పిల్లాడో ఒక కోడెదూడను కొంటారు. డబ్బు ఇంట్లో అప్పుగా తీసుకోవచ్చు, కానీ అది అప్పేనని పుస్తకంలో రాయాలి. కొన్ననాటి బరువు, రోజూ పెట్టిన దాణా, దాని ధర, పశువైద్యుడికిచ్చిన సొమ్ము, నెల నెలా పెరిగిన బరువు, అన్నీ ఆ పుస్తకంలోకి ఎక్కుతాయి. తెల్లవారకముందే లేచి మేత వేయాలి. పలుపు పట్టుకుని దూడను నడిపించడం నేర్పాలి. మొదట్లో దూడే పిల్లను ఈడ్చుకుపోతుంది. ఏడాది చివర కౌంటీ సంతలో దాన్ని తిప్పి చూపించాలి. న్యాయనిర్ణేత వచ్చి దాని ఒంటి మీద చెయ్యివేసి చూస్తాడు, ఏం మేపావు, ఎందుకు మేపావు అని అడుగుతాడు. తర్వాత వేలం. దూడ కబేళాకు పోతుందని పిల్లకు మొదటి రోజు నుంచీ తెలుసు. అయినా వేలం రోజు ఏడవని పిల్లలు తక్కువ. లాభనష్టాల లెక్క కట్టి, పుస్తకం మూసి, మళ్ళీ ఏడు ఏం చేస్తుందో చెబుతుంది. ఈ ఏడాదిలో ఆమె చేసిన గణితం, జీవశాస్త్రం, వ్యాపారం ఏ పరీక్షకూ తీసిపోవు. వాటికి తోడు, ప్రాణమున్న జీవికి తనే దిక్కయి గడిపిన ఏడాది కూడా అది.

మన ఇంటర్ పిల్లలూ రికార్డు రాస్తారు. పైతరగతివాళ్ళ రికార్డు తెచ్చుకుని, బొమ్మలతో సహా దించి, సంతకం పెట్టించుకుంటారు. చాలామందికి ప్రయోగశాల తలుపు తెరుచుకునేది ప్రాక్టికల్ పరీక్షల ముందే. పేరు రికార్డే అయినా అక్కడ నమోదు చేయడానికి జరిగినదేమీ లేదు. తప్పు పిల్లలది కాదు. వాళ్ళకు చేయడానికి ఏమిచ్చాం గనక?

ఫోర్-హెచ్‌లో నాకు బాగా నచ్చే మరో సంగతి తీర్పు చెప్పే పద్ధతి. చాలా చోట్ల డేనిష్ పద్ధతి పాటిస్తారు. పిల్లల్ని ఒకరితో ఒకరిని పోల్చరు, ముందే చెప్పిన ప్రమాణంతో పోలుస్తారు. ప్రమాణాన్ని అందుకున్న అందరికీ నీలి రిబ్బను, కొంచెం తగ్గితే ఎర్రది, ఇంకా నేర్చుకోవాల్సి ఉంటే తెల్లది. పది మంది బాగా చేస్తే పది నీలి రిబ్బన్లు. ర్యాంకు ఒక్కరికే వస్తుందని చిన్నప్పటి నుంచీ చెప్పే మన తెలుగు ఇళ్ళలో ఇలాంటి తీర్పు ఊహకు కూడా అందదు.

అయితే దీన్ని ఆకాశానికెత్తి వదిలేయడం న్యాయం కాదు. దక్షిణాదిలో 1960ల దాకా నల్లజాతి పిల్లలకు వేరే క్లబ్బులు, వేరే శిబిరాలు, అరకొర నిధులు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చాక గానీ ఆ గోడ కూలడం మొదలుకాలేదు. బహుమతి మీద కన్ను పడ్డాక పశువుల ప్రాజెక్టు డబ్బున్నవాళ్ళ పందెంగా మారిన సందర్భాలున్నాయి. గ్రాహమ్ క్లబ్బు పెట్టిన ఓహయోలోనే 1994 రాష్ట్ర సంతలో గెలిచిన పశువుల్లో నిషేధించిన మందులు బయటపడ్డాయి. దూడ పిల్లది, ఆశ పెద్దలది అయినప్పుడు పని విలువ ఎలా పోతుందో ఆ సంఘటన చూపించింది.

పరిశోధన ఏం చెబుతోంది? ఇలినాయ్ విశ్వవిద్యాలయానికి చెందిన రీడ్ లార్సన్ పిల్లల జేబుల్లో పేజర్లు పెట్టి, అది మోగినప్పుడల్లా ఏం చేస్తున్నారో, మనసు ఎలా ఉందో రాయించే పద్ధతిలో ఏళ్ళ తరబడి పనిచేశాడు. 2000లో ఆయన రాసిన వ్యాసంలోని సారం ఇది: తరగతిలో పిల్లలు మనసు పెడతారు కానీ ఇష్టంగా ఉండరు. స్నేహితులతో ఉన్నప్పుడు ఇష్టంగా ఉంటారు కానీ దేని మీదా మనసు నిలపరు. తమంతట తాము చేరి, ఒక పద్ధతిలో సాగే నాటకం, ఆట, సంగీతం, క్లబ్బు ప్రాజెక్టు లాంటి పనుల్లోనే ఇష్టమూ ఏకాగ్రతా కలిసి కనిపించాయి. సొంతంగా పూనుకునే గుణం పెరిగే చోటు అదేనని ఆయన వాదన. పదో తరగతి పిల్లాడు క్రికెట్ టోర్నమెంటు జరిపించేటప్పుడు చూసినవాళ్ళకు ఈ మాట కొత్తగా ఉండదు.

ఫోర్-హెచ్ మీద నేరుగా జరిగిన పెద్ద అధ్యయనం టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ లెర్నర్ బృందానిది. 2002 నుంచి 42 రాష్ట్రాల్లో ఏడు వేల మందికి పైగా పిల్లల్ని ఏళ్ళ తరబడి గమనించారు. క్లబ్బు పిల్లలు ఊరికి ఉపయోగపడే పనుల్లో, ఆరోగ్యపు అలవాట్లలో ముందున్నారని తేల్చారు. దీన్ని కొంచెం జాగ్రత్తగా చదవాలి. క్లబ్బులో చేరే పిల్లలకు ఇంట్లో ప్రోత్సాహం ముందే ఉండవచ్చు. ఆ తేడా క్లబ్బు వల్ల వచ్చిందా, ఇంటి వల్ల వచ్చిందా అని పూర్తిగా విడదీయడం ఈ తరహా అధ్యయనంలో కుదరదు. పైగా దానికి ఫోర్-హెచ్ జాతీయ సంస్థ నిధులు కూడా ఉన్నాయి.

ఈ చిక్కును విప్పిన అధ్యయనం ఒకటుంది. తెలుగు నేల మీద దాని గురించి ఎక్కువ మందికి తెలియాలని నా కోరిక. బంగ్లాదేశ్‌లో పుట్టిన బ్రాక్ సంస్థ ఉగాండాలో కిశోర బాలికల కోసం క్లబ్బులు పెట్టింది. 150 సముదాయాల్లో లాటరీ లాగా 100 చోట్ల క్లబ్బు పెట్టి, 50 చోట్ల పెట్టలేదు. వారానికి ఐదు సాయంత్రాలు క్లబ్బు తెరిచి ఉంటుంది. నడిపేది అదే ఊరి యువతి, పిల్లలకన్నా కొద్దిగా పెద్దది. అక్కడ ఆటపాటలున్నాయి, ఒంటి ఆరోగ్యం గురించీ పెళ్ళి గురించీ దాపరికం లేని మాటలున్నాయి, కుట్టుపని, కోళ్ళ పెంపకం, జుట్టు అలంకరణ లాంటి చేతిపనుల శిక్షణ ఉంది. నాలుగేళ్ళ తర్వాత క్లబ్బు ఉన్న ఊళ్ళలో సంపాదించే ఆడపిల్లలు దాదాపు సగం పెరిగారు. చిన్నతనపు గర్భాలు మూడో వంతు తగ్గాయి. బాల్యవివాహాలు, చిన్నతనపు కాపురాలు సగానికి పైగా తగ్గాయి. క్లబ్బులో చేరిన పిల్లల్ని విడిగా తీసి చూసిన లెక్క కాదిది, క్లబ్బు ఉన్న ఊరు మొత్తాన్ని క్లబ్బు లేని ఊరు మొత్తంతో పోల్చిన లెక్క. అందుకే దీనికి బరువుంది.

ఆ క్లబ్బుల్నే టాంజానియాలో పెడితే చెప్పుకోదగ్గ ఫలితం రాలేదు. క్లబ్బుకంటూ ఒక చోటు దొరకలేదనీ, వనరులూ శిక్షణా తక్కువయ్యాయనీ పరిశోధకులు చెప్పారు. అదే సంస్థ, అదే పద్ధతి, పెద్ద తేడా వచ్చింది గదీ మనిషీ దగ్గర.

చెరుపు గురించి కూడా చెప్పాలి. స్వీడన్‌లో మునిసిపాలిటీలు సాయంత్రం పూట పిల్లల కోసం వినోద కేంద్రాలు నడిపేవి. బిలియర్డ్స్ బల్ల, టీవీ, కబుర్లు. పద్ధతిగా సాగే పనంటూ ఏమీ లేదు. 2000లో జోసెఫ్ మహోనీ, హోకన్ స్టాటిన్ ఆ పిల్లల్ని పరిశీలిస్తే, అలాంటి చోట్లకు అలవాటు పడ్డ పద్నాలుగేళ్ళ పిల్లల్లో దుడుకు పనులు ఎక్కువగా కనిపించాయి. ఒక పద్ధతిలో సాగే కార్యక్రమాల్లో ఉన్నవాళ్ళలో తక్కువగా కనిపించాయి. పిల్లల్ని ఒక గదిలో చేర్చడమే మేలని అనుకోవడం తప్పు. పని లేని గుంపు గుంపుగానే నేర్చుకుంటుంది.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగువాళ్ళకు ఈ ఆలోచన పరాయిది కాదు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెస్ మహాసభల పక్కన ఖాదీ ప్రదర్శన జరిగింది. టిక్కెట్టు లేకుండా ఎవరినీ లోపలికి పంపవద్దని పద్నాలుగేళ్ళ దుర్గాబాయిని వాలంటీరుగా నిలబెట్టారు. జవహర్‌లాల్ నెహ్రూ వచ్చాడు, దగ్గర టిక్కెట్టు లేదు. ఆమె ఆపేసింది. నిర్వాహకులు టిక్కెట్టు కొని ఇచ్చాకే లోపలికి వదిలింది. ఈ కథను ఆమె ధైర్యానికి గుర్తుగా చెప్పుకుంటాం, నిజమే. నేను చూసేది మాత్రం పద్నాలుగేళ్ళ పిల్లకు ద్వారం అప్పగించి, ఆమె మాటను పెద్దలు కాదనకుండా నిలబెట్టిన సంగతి. ఆ సభలకు ముందే ఆమె కాకినాడలో ఆడవాళ్ళకు హిందీ నేర్పే బడి నడిపింది. తర్వాత ఆంధ్ర మహిళా సభ కట్టిన చేతులు ఆ ద్వారం దగ్గరా, ఆ బడిలోనూ పదునెక్కినవే.

న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు, మన రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య, 1940లో మద్రాసులో బాలానంద సంఘం పెట్టారు. 1945లో 'బాల' పత్రిక తెచ్చారు. 1956లో సంఘాన్ని హైదరాబాదుకు మార్చారు. పిల్లల కార్యక్రమాన్ని పిల్లల గొంతుతోనే నడపాలన్నది వాళ్ళ పట్టుదల. ఆకాశవాణి మైకు ముందు నిలబడి, ఊరంతా వింటుండగా పాత్ర చెప్పడమంటే తడబడితే అందరికీ తెలిసిపోయే పని. అందుకే అది నిజమైన పని.

స్వతంత్రం వచ్చాక ప్రభుత్వమూ ఈ బాధ్యత నెత్తికెత్తుకుంది. 1948లో ఎన్‌సీసీ చట్టం, 1950లో భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్, గాంధీ శతజయంతి ఏడాది 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో 40 వేల మందితో ఎన్ఎస్ఎస్, 1972లో నెహ్రూ యువ కేంద్రాలు. ఎన్ఎస్ఎస్ రూపకల్పన మంచిదే. ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్ళు ఊరిపని, దానికి తోడు ఒక ఊళ్ళో వారం రోజుల శిబిరం. ఆ వారం నిజంగా ఊళ్ళో పడుకుని, ఊరి నీళ్ళు తాగి, ఒక ఇంకుడు గుంత తవ్వి వచ్చిన పిల్లలు దాన్ని జీవితాంతం చెప్పుకుంటారు. చాలా కాలేజీల్లో మాత్రం గంటలు కాగితం మీద నిండుతాయి, సర్టిఫికెట్టు ఉద్యోగ దరఖాస్తుకు జతవుతుంది.

రోజర్ హార్ట్ 1992లో యునిసెఫ్ కోసం పిల్లల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా వివరించాడు. కింది మూడు మెట్ల మీద పిల్లలు పెద్దల అవసరానికి వాడుకున్న బొమ్మలు, అలంకారాలు, పేరుకు నిలబెట్టిన ప్రతినిధులు. అది భాగస్వామ్యమే కాదని ఆయన తేల్చాడు. మండుటెండలో ప్లకార్డులు పట్టించి నడిపించే మన అవగాహన ర్యాలీలు సరిగ్గా అక్కడే ఆగాయి. ఏం రాయాలో పిల్లలు నిర్ణయించలేదు, ఎక్కడికి నడవాలో నిర్ణయించలేదు, నడిచాక ఏం మారిందో ఎవరూ లెక్క చూడలేదు. ముఖ్య అతిథి రాక ఆలస్యమై ఇద్దరు ముగ్గురు పిల్లలు కళ్ళు తిరిగి పడిపోవడం ఏటా పత్రికల్లో చదువుతూనే ఉన్నాం.

సర్కారు ఊసు లేకుండా ప్రతి తెలుగు ఊళ్ళోనూ దానంతటది పుట్టే క్లబ్బు ఒకటుంది. వినాయక చవితి కమిటీ. దీన్ని అల్లరి మూకని కొట్టిపారేసే పెద్దమనుషులతో నేను ఏకీభవించను. పద్దెనిమిది ఇరవై ఏళ్ళ కుర్రాళ్ళు చందా పుస్తకం అచ్చు వేయిస్తారు, ఇల్లిల్లూ తిరిగి ఇవ్వనన్నవాణ్ణి కూడా ఒప్పిస్తారు, పోలీసుల దగ్గర అనుమతి తెస్తారు, కరెంటు కనెక్షన్ మాట్లాడతారు, బొమ్మకు బేరమాడి బయానా ఇస్తారు, పందిరి, మైకు, అన్నదానానికి వంటవాళ్ళు, నిమజ్జనానికి ట్రాక్టరు చూస్తారు. వాన పడితే పందిరి కూలుతుంది. అన్నదానం రోజు అన్నం చాలకపోతే ఊళ్ళో తలెత్తుకోలేరు. పని పూర్తిగా వాళ్ళదే, చెడిపోతే చెడిపోయేదే. ఎంబీఏ క్లాసులో ఈవెంట్ మేనేజ్‌మెంటు పేరుతో చెప్పేది ఇంత గట్టిగా ఎక్కదు.

ఆ శక్తి పదకొండో రోజుతో ఆగిపోవడం బాధ. లెక్కలు చదివి వినిపించే కమిటీ ఉంటే మరుసటి ఏడు చందా నవ్వుతూ ఇస్తారు, వినిపించని కమిటీ రెండు ముక్కలవుతుంది. ఆడపిల్లలకు ముగ్గు వేయడం, కోలాటం తప్ప నిర్ణయాల్లో చోటుండదు. చాలా చోట్ల సంఘం కులానికొకటి, పార్టీకొకటి. యూత్ అని బోర్డుంటుంది, బోర్డు మీద నాయకుడి ఫొటో ఉంటుంది, ఎన్నికలప్పుడు బైకులకు పెట్రోలు పోయిస్తారు. అమెరికా దక్షిణాది రాష్ట్రాల్లో ఒంటి రంగు గీసిన గీతను మన ఊళ్ళో కులం గీస్తోంది. ఏ క్లబ్బులో చేరాలన్న ప్రశ్నకు జవాబు పుట్టుకతోనే తేలిపోయే చోట ఎదుగుదల సగంలోనే ఆగిపోతుంది.

గీత దాటిన అనుభవాలు మనకున్నాయి, అవే నాకు ధైర్యం. రంగారెడ్డి జిల్లాలో 1991 నుంచి శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ వెట్టిలోనూ పొలాల్లోనూ ఉన్న పిల్లల్ని బడికి తెచ్చే పని పెట్టుకుంది. ఆ పనికి ఇల్లిల్లూ తిరిగినవాళ్ళు ఊళ్ళోని యువకులు, యువతులు. వాళ్ళింట్లో చదువుకున్న మొదటితరం వాళ్ళే చాలామంది. ఆసామితో మాట్లాడాలి, తల్లిదండ్రులకు నచ్చజెప్పాలి, పిల్లను బడికి సిద్ధం చేసే బ్రిడ్జి శిబిరంలో దింపి, తర్వాత బడిలో నిలిచిందో లేదో చూస్తూ ఉండాలి. మాట తప్పితే ఒక పిల్ల మళ్ళీ కూలికి పోతుంది. యువజన సంఘానికి ఇంతకన్నా పెద్ద పాఠశాల ఏముంటుంది? 2003లో శాంతా సిన్హాకు మెగసెసే పురస్కారం వచ్చింది. ఆ గౌరవంలో పేరు తెలియని ఆ యువకుల పాలు చాలా ఉంది.

నిజామాబాద్ జిల్లా పాకాల పిల్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా కుర్రాడు ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కినప్పుడు దేశమంతా చప్పట్లు కొట్టింది. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. మొదటి పాఠం భువనగిరి గుట్ట మీద. నిలువు రాతిని పట్టుకుని, కింద తాడు పట్టుకున్న తోటి పిల్లను నమ్మి కాలు ఎత్తాలి. శిఖరం ఇద్దరికే దక్కింది కానీ ఆ తాడు పట్టడం వందల మందికి నేర్పవచ్చు. అసలు లాభం అక్కడే ఉంది.

సైన్సు వైపు, 1988లో మొదలైన జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' పత్రిక, చెకుముకి సైన్సు సంబరాల ద్వారా పల్లె బడుల దాకా వెళ్ళింది. 1993 నుంచి జాతీయ స్థాయిలో జరిగే బాలల సైన్స్ కాంగ్రెస్ నియమాలు నాకు బాగా నచ్చుతాయి. 10 నుంచి 17 ఏళ్ళ పిల్లలు జట్టుగా తమ ఊరి సమస్యనే తీసుకుని, తిరిగి, కొలిచి, రాసి చెప్పాలి. ఫ్లోరైడు ఊళ్ళో ఏ బోరు నీళ్ళు తాగవచ్చో పరీక్షించి పంచాయతీకి చెప్పగల పిల్లలకు రసాయనశాస్త్రం పరీక్ష కోసం చదివేదిగా మిగలదు. చాలా బడుల్లో ఆ ప్రాజెక్టు టీచరో, నాన్నో చేసిపెట్టిన థర్మకోల్ నమూనా అయిపోవడమే దీనికి పట్టిన తెగులు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకంలో బడికి 20 లక్షల రూపాయల దాకా ఇచ్చి దేశంలో పది వేల ల్యాబులు పెట్టారు. త్రీడీ ప్రింటరు పాడవుతుందని తాళం వేసే ప్రధానోపాధ్యాయులున్నారు. పాడవుతుంది, నిజమే. పాడైనదాన్ని విప్పి చూడటానికే కదా అది అక్కడుంది!

వీటన్నిటికీ అడ్డు పడుతున్నది సమయం. ఆరో తరగతి నుంచే ఐఐటీ ఫౌండేషన్, ఇంటర్ రెండేళ్ళూ తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లు. లార్సన్ చెప్పిన ఇష్టమూ ఏకాగ్రతా కలిసే గంట తెలుగు పిల్లల దినచర్యలో మాయమైంది. జాతీయ విద్యా విధానం 2020 ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి, తోటమాలి లాంటి పనివాళ్ళ దగ్గరకు పంపమంటోంది. పది రోజులు పరిచయానికి సరిపోతాయి, పనికి సరిపోవు. వారానికి రెండు మూడు గంటలు ఏడాది పొడవునా దొరికితే దూడ కాకపోయినా నాలుగు కోళ్ళు పెంచవచ్చు, ఒక సైకిలు పూర్తిగా విప్పి బిగించవచ్చు. ఆ గంటలు మార్కుల్ని తినేస్తాయన్న భయానికి ఆధారం కనిపించదు. బడి తర్వాతి కార్యక్రమాల మీద జరిగిన అధ్యయనాలను డర్లాక్, వైస్‌బర్గ్, పచాన్ 2010లో ఒకచోట చేర్చి చూస్తే, అంచెలంచెలుగా చేతితో చేయించే కార్యక్రమాల్లో ఉన్న పిల్లల నడవడితో పాటు చదువు కూడా మెరుగుపడింది.

టెక్సస్‌లోనో ఉత్తర కరొలైనాలోనో ఉన్న తెలుగు తల్లిదండ్రులకు ఈ అవకాశం కౌంటీ విస్తరణ కార్యాలయం దూరంలో ఉంది. ఫోర్-హెచ్ అంటే పశువుల కొట్టమని దాటేయకుండా ఒకసారి లోపలికి వెళ్ళి చూడాలని నా మనవి. రోబో పోటీలకు పిల్లలతో పాటు తామూ రాత్రంతా కూర్చుని కోడ్ రాసిపెట్టే నాన్నలు ఆ పని మానేస్తే ఇంకా మేలు.

ఏ క్లబ్బు అయినా సరే, పిల్లను చేర్చే ముందు ఒక సాయంత్రం వెళ్ళి కూర్చుంటే చాలా తెలుస్తుంది. పిల్లలు చేస్తున్నారా, చూస్తున్నారా? పాడైనదాన్ని ఎవరు బాగుచేస్తున్నారు? డబ్బు లెక్క పిల్లల చేతిలో ఉందా? నడిపే పెద్ద పోయిన ఏడాదీ ఇక్కడే ఉన్నారా? ఆడపిల్లలు నిర్ణయాల దగ్గర ఉన్నారా, పూలదండల దగ్గర ఉన్నారా? పిల్లలతో ఒంటరిగా ఉండే పెద్దల విషయంలో ఏ నియమం పాటిస్తున్నారు? ఈ చివరి ప్రశ్న అడగడానికి మొహమాటపడకూడదు. మంచి క్లబ్బు దానికి జవాబు సిద్ధంగా పెట్టుకుంటుంది.

ఆడపిల్లల సంగతి విడిగా ఎందుకు ఇన్నిసార్లు చెబుతున్నానంటే, 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20 నుంచి 24 ఏళ్ళ మహిళల్లో 18 నిండకముందే పెళ్ళయినవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఉగాండాలో క్లబ్బు తగ్గించింది సరిగ్గా ఈ అంకెనే. టాంజానియాలో తగ్గించలేకపోయిన కారణాల్లో గది లేకపోవడం ఒకటి. మన దగ్గర గదికి కరువు లేదు. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను కడుతున్నాం. ఆ డబ్బుతో కట్టిన శాఖా గ్రంథాలయాలు చాలా ఊళ్ళలో సాయంత్రం పూట నలుగురు పెద్దవాళ్ళు పత్రికలు చదువుకోవడానికే తెరుచుకుంటున్నాయి. వారానికి ఐదు సాయంత్రాలు, 5 నుంచి 7 దాకా, అందులో ఒక గదిని ఊరి ఆడపిల్లల క్లబ్బుకు ఇవ్వాలి. ఆ ఊరి డిగ్రీ చదివిన యువతికి గౌరవ వేతనం ఇచ్చి నడిపించమనాలి. ఒక కుట్టుమిషను, ఒక పనిముట్ల పెట్టె, నీటి పరీక్ష కిట్టు, చందా పుస్తకం, లెక్కల పుస్తకం ఆ గదిలో ఉండాలి. తాళంచెవి ఆ పిల్లల దగ్గరే ఉండాలి.